ఎండబెట్టిన పుస్తకాలు

సోమవారం టపాలో టూవూంబా నుంచి ఒక పొట్లం వచ్చింది. దాంతోపాటు అక్కడి పుస్తకాల కొట్టు మార్జరీ రాసిన ఉత్తరం. ఆంటీ పోయిందట. మధ్యాహ్నం కుర్చీలో కునుకు తీస్తూ, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయిందట. అలమరలో చీరల అడుగున ఈ పొట్లం దొరికిందనీ, పైన నా పేరు ఉంది కాబట్టి పంపుతున్నాననీ మార్జరీ రాసింది.

తలగడ గలీబులో చుట్టి, పైన గోధుమరంగు కాగితం వేసి, ఆస్పత్రిలో కట్టు కట్టినంత పొందిగ్గా కట్టిన పొట్లం అది. నా పేరు కింద ఆవిడ గుండ్రటి చేతిరాతలో, తెలుగులో, ఒక మాట ఉంది. "ముందు ఏదన్నా చిన్న కొట్లో ఒక వస్తువు కొనుక్కురా. తర్వాత విప్పు."

మూడు రోజులైంది, ఇంకా విప్పలేదు. సిడ్నీ శివార్లలో, టూంగాబీలోని మా వంటింటి బల్ల మీద, ఉప్పు డబ్బా పక్కన ఉంది. మా ఆయన పొద్దున్నే కాఫీ తాగుతూ దాన్ని చూసి, నన్ను చూసి, ట్రైన్‌కి వెళ్ళిపోతున్నాడు. విప్పేలోగా ఆవిణ్ణి ఒకసారి రాసుకోవాలనిపించింది. విప్పాక ఆ పొట్లమే మాట్లాడుతుంది, నాకు చోటుండదు.

పేరు రాయను. ఆవిడ రాసిన ఒకే ఒక్క పుస్తకంలో కూడా ఎవరి పేర్లూ లేవు. ఎందుకని అడిగితే, "పేరు రాస్తే పేషెంట్ చార్ట్ అవుతది గానీ మనిషి అవడమ్మా. నడకా మాటా రాయాలి" అంది. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి, చార్టుల సంగతి ఆవిడకి తెలిసినంతగా నాకు తెలియదు.

టూవూంబా అనగానే నాకు ముందు పొగమంచు గుర్తొస్తుంది. కొండ పైన ఉన్న ఊరు కదా, కింద పుట్టిన మబ్బులు పైకెక్కి వచ్చి వీధుల్లో తిరుగుతాయి. దీపస్తంభాలు సగానికి పైన కనిపించవు. కర్పూరం చెట్ల వరస ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియదు. పెళ్ళయిన మూడో నెలలో వరంగల్ నుంచి నేరుగా ఆ మబ్బుల్లోకి వచ్చిపడ్డాను. మా ఆయన కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. నేను కిటికీలోంచి మంచు చూసేదాన్ని. ఎవరైనా అడిగితే అదే నా ఉద్యోగం.

ఒకరోజు పొద్దున పాల కోసం బయల్దేరి, తడిసిన పేవ్‌మెంట్ మీద కాలు జారి, "అయ్యో అవ్వా!" అంటూ చతికిలబడ్డాను. ఎదురుగా ఏమీ లేదు, అంతా తెలుపే. ఆ తెలుపులోంచి ముందు కాన్వాస్ బూట్లు వచ్చాయి. వాటి పైన నేత చీర కుచ్చిళ్ళు, ఆపైన బూడిదరంగు ఉన్ని స్వెట్టర్, మోచేతికి వెదురు బుట్ట. చివర్న ఓ నల్లటి గుండ్రటి మొహం వచ్చింది, కళ్ళజోడు మీద మంచు చెమ్మతో.

"తెలుగమ్మాయివే! ఏందమ్మా, దెబ్బ తగిలిందా?" అంటూ ముందు నా మణికట్టు పట్టుకుంది.

తర్వాత తెలిసింది, ఆవిడ ఎవరితో మాట్లాడినా అంతే. రెండు వేళ్ళు మణికట్టు మీద వేసి మాట్లాడేది. అబద్ధం చెబితే నాడి కొట్టుకోవడంలో తెలిసిపోతుందనేది. నిజంగా తెలిసేదో లేదో గానీ, ఆ వేళ్ళ కింద చెయ్యి ఉంచి అబద్ధం చెప్పడం నావల్ల ఎప్పుడూ కాలేదు.

గుంటూరు దగ్గర పల్లె. మిషన్ ఆస్పత్రిలో నర్సు చదువు. ఈ దేశానికి ఎప్పుడొచ్చింది, ఎలా వచ్చింది నాకు సరిగ్గా తెలియదు, అడగలేదు. పెళ్ళెందుకు చేసుకోలేదని మాత్రం ఒకసారి అడిగాను. "డ్యూటీ రోస్టర్‌లో ఖాళీ దొరకలేదమ్మా" అంది, నా మణికట్టు వదిలేసి.

ఆవిడ కొనుగోళ్ళు చూడాలి మీరు. నాలుగు ఉల్లిపాయలు. ఒక్క నిమ్మకాయ. అరచేతి వెడల్పు మాంసం ముక్క. రెండు బన్నులు. ఒక్కొక్కటీ ఒక్కో కొట్లో. మర్నాడు మళ్ళీ అదే వరస. "వారానికి సరిపడా ఒక్కసారే తీసుకోవచ్చు కదా ఆంటీ" అంటే, "తీసుకుంటే రేపు మళ్ళీ రాటానికి సాకేముంటది?" అనేది. మాంసం కొట్టాయన దగ్గర పది నిమిషాలు, చెప్పులు కుట్టే ముసలాయన దగ్గర పావుగంట, మార్జరీ కొట్లో ఎంతసేపో లెక్కలేదు. మార్జరీది పుస్తకాల కొట్టు. పేపర్లు, పెన్నులు, పుట్టినరోజు కార్డులు కూడా ఉండేవి. ఓ మూల ఉన్ని ఉండలు. ఆ మూలకి ఒక కుర్చీ, ఆ కుర్చీకి ఆంటీ.

ఊళ్ళో అప్పటికే పెద్ద షాపింగ్ సెంటర్ వచ్చింది. కారు పెట్టుకోవడానికి చోటు, లోపల వెచ్చగా హీటరు, అన్నీ ఒకే కప్పు కింద. ఈ పాత వీధిలో జనం తగ్గిపోయారు. ఆంటీ మాత్రం ఆ సెంటర్ గుమ్మం తొక్కలేదు. వాన కురుస్తున్నా దాని చుట్టూ తిరిగి బస్టాపుకి వెళ్ళేది గానీ, లోపల్నుంచి అడ్డదారిన పోయేది కాదు.

ఒకరోజు ఆ సెంటర్‌లో సామాన్లు కొనుక్కుని వస్తుంటే ఎదురుగా ఆవిడ. నేను గబుక్కున కర్పూరం చెట్టు చాటుకి వెళ్ళాను. చెట్టు సన్నం, నా చేతి సంచి లావు.

"బయటికి రామ్మా, చూశా" అంది. వచ్చాను. మణికట్టు మీద రెండు వేళ్ళు పడ్డాయి. "ఏం కొన్నావు?"

"టమాటలు ఆంటీ. చారుకు."

"ఎవరిచ్చారు?"

"ఎవరియ్యలే. నేనే తీసుకున్న."

"అదే నేను చెప్పేది" అంది. ఆ సాయంత్రం చారు నాకు రుచించలేదు.

ఆ కొట్లంటే అంత పట్టింపు ఎందుకో ఒకనాడు తనే చెప్పింది. మార్జరీ కొట్లో కూర్చుని ఉన్నాం. బయట మంచు. మార్జరీ వెనక గదిలో టీ కలుపుతోంది.

"మా ఊళ్ళో కొట్టు అరుగు మా వాడోళ్ళం ఎక్కకూడదు. కింద నిలబడి కొంగు పట్టాలి. ఉప్పయినా బెల్లమయినా పైనుంచి పడేది. చెయ్యి తగలకూడదు గదా. చిన్నప్పుడు నేను క్యాచ్‌లు బాగా పట్టేదాన్ని తెలుసా?" అంటూ నవ్వింది. "తర్వాత చదువుకున్నా, డ్యూటీలు చేశా, ఇంత దూరం వచ్చా. అయినా కొత్త కొట్టు కనపడితే నా చేతులు వాటంతటవే దోసిలి పట్టేయి. ఈ ఊళ్ళో ఫస్ట్ వింటర్. ఉన్ని కొందామని ఇక్కడికొచ్చా. దోసిలి పట్టి దూరంగా నిలబడ్డా. మార్జరీకేం తెలుసు? నా చెయ్యి లాక్కుని, అరచేతిలో ఉన్ని ఉండ పెట్టి, పైన వేళ్ళు మూసింది. చేతులు ఇంత చల్లగా ఉన్నయ్యేంటి లవ్, అంది. అంతే."

"అంతేనా?"

"అంతే. ఇంకేం కావాలి?"

మా అమ్మమ్మ పాలేరు భార్యకి మజ్జిగ అలాగే పోసేది, చెంబు ఎత్తిపట్టి, పైనుంచి, ధారగా. చిన్నప్పుడు అది నాకు ఆటలా ఉండేది. ధార ఎంత ఎత్తునుంచి పోస్తే అంత నవ్వేదాన్ని. ఆ సంగతి ఆంటీకి ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది.

ఆ వీధి గురించే ఆవిడ పుస్తకం రాసింది. మార్జరీ దగ్గర కొన్న నోటు పుస్తకాల్లో, ఇంగ్లీషులో, కొట్టుకి నాలుగు పేజీల చొప్పున. మా ఆయన టైప్‌రైటర్ మీద దాన్ని టైపు చేసింది నేనే. టూవూంబా వచ్చాక నాకు దొరికిన మొదటి పని అది. చెప్పులు కుట్టే ఆయన గురించి ఒక వాక్యం ఇంకా గుర్తుంది. మనిషిని పలకరించే ముందు ఆయన చెప్పుని పలకరిస్తాడు, అని. టైపు చేస్తూ చేస్తూ నేనూ ఆ వీధి మనిషినైపోయాను. టమాటలు కూడా అక్కడే కొనడం మొదలుపెట్టాను.

పుస్తకం ఊళ్ళోనే ఒక చిన్న ప్రెస్‌లో అచ్చయింది. అరవై కాపీలు. మెరుపు లేని మందపాటి తెల్ల అట్ట. "యూనిఫాం లాగా ఉండాల" అని ఆవిడే ఎంచుకుంది. సంగతి తెలిసి షాపింగ్ సెంటర్‌లోని పెద్ద పుస్తకాల దుకాణం వాళ్ళు కబురు చేశారు, మా దగ్గర కూర్చుని సంతకాలు చేయండి, బల్ల వేయిస్తాం, అని. "నాకు ఎస్కలేటర్ ఎక్కితే కళ్ళు తిరుగుతయ్" అని చెప్పి పంపింది. ఎక్కితే కదా తిరిగేది.

మార్జరీ కొట్లోనే, శనివారం పొద్దున తొమ్మిదింటికి అని ఖాయమైంది. శనివారాలు పన్నెండింటికల్లా వీధి మొత్తం కట్టేసేవారు, అంటే ఉన్నది మూడు గంటలు. మార్జరీ అద్దాల కిటికీలోని కార్డులన్నీ తీసేసి చోటంతా ఈ పుస్తకానికే ఇచ్చింది. మాకు ముందే చెప్పింది కూడా. "సోమవారం లోగా కొట్టు అద్దె కాగితం మీద మళ్ళీ సంతకం పెట్టాలి. శనివారం ఈ వీధిలో మనుషులు నడిస్తే పెడతాను. లేకపోతే సముద్రం పక్కన మా చెల్లెలింటికి వెళ్ళిపోతాను. ఖాళీ వీధిని చూస్తూ కూర్చునే ఓపిక లేదు."

ఆ మాట అన్నప్పుడు ఆంటీ ఆమె మణికట్టు పట్టుకుని ఉంది. చాలాసేపు వదల్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ప్రెస్ నుంచి పుస్తకాల పెట్టెలు మా కారులో తెచ్చి మా ఇంట్లో పెట్టాం. ఇక్కడే నా ఉడతాభక్తి మొదలైంది. శుక్రవారం, దీపం పెట్టే వేళ, కొత్త పుస్తకాలు, అదీ సరస్వతి. నేనేమో ఇంకేం సాయం చేయగలనా అని కాచుకుని ఉన్న మనిషిని. మా అత్తమ్మ సూట్‌కేసులో కుక్కి పంపిన నిజామాబాద్ పసుపు ఉంది. గిన్నెలో తడిపి, ఒక్కో పుస్తకం తీసి, శుభలేఖకి పెట్టినట్టు నాలుగు మూలలా వేలితో అద్దాను. అరవై పుస్తకాలు. రెండొందల నలభై మూలలు.

మా ఆయన కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "గివన్నిటికి ఎందుకు పెట్టినవ్?"

"కొత్త పుస్తకాలకు పెట్టొద్దా?"

"ఆమె క్రిస్టియన్ గదా."

"అయితే?" అన్నాను. అయితే ఏమిటో ఆయనకీ తెలియలేదు. అన్నం తిని పడుకున్నాం.

మర్నాడు ఎనిమిదింటికి, చెయ్యి చాపితే చెయ్యి కనపడనంత మంచులో, పెట్టెలు మార్జరీ కొట్టుకి చేర్చాం. మా ఆయన నన్ను దింపి కాలేజీకి వెళ్ళిపోయాడు. మార్జరీ ఉత్సాహంగా మొదటి పెట్టె తెరిచింది. ఒక పుస్తకం తీసింది. బొటనవేలితో మూల రుద్దింది. ఇంకోటి తీసింది. ఇంకోటి. రెండో పెట్టె తెరిచింది.

"ఇవి తడిశాయా, లవ్? అన్నిటికీ మరకలున్నాయి."

నేను చెప్పాను. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో పసుపు గురించి, శుభం గురించి, శుక్రవారం గురించి చెప్పాను. మార్జరీ శ్రద్ధగా వింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఈ కొట్లో మరకపడ్డ పుస్తకం ఎవరి చేతికీ ఎప్పుడూ ఇవ్వలేదు. ఇవాళ ఇస్తే, మూసేసే కొట్టు కదా, మిగిలిన చెత్త అమ్ముకుంటోంది అంటారు" అని మెల్లగా అని, ఎత్తు పీట మీద కూర్చుండిపోయింది. కిటికీలో పుస్తకాలు పేర్చలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడు మంచులోంచి ఆంటీ వచ్చింది. తెల్లచీర, అదే స్వెట్టర్. నేను నోరు తెరిచేలోపే బల్ల మీది పుస్తకం చూసింది. చేతిలోకి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. చాలాసేపు చూసింది.

"నువ్వు పెట్టావా?"

"నేనే పెట్టిన ఆంటీ. మంచి జరుగుతదని."

"అన్నిటికీనా?"

"అన్నిటికి."

పుస్తకాన్ని గుండెకి ఆనించుకుని గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. మాకు వీపే కనపడుతోంది. ఆ ముందు తెల్లటి మంచు. కోపమో, ప్రార్థనో నాకు అంతుపట్టలేదు. చర్చివాళ్ళు ఇంకాసేపట్లో వస్తారు, ఏమనుకుంటారో అని బాధపడుతోందనుకున్నాను. ఎంతసేపు అలా ఉందో తెలియదు. వెనక్కి తిరిగి పీట మీది మార్జరీని చూసింది. అప్పుడు నన్ను అడిగింది.

"ఇది పోవాలంటే ఏం చెయ్యాలమ్మా?"

ముప్ఫై ఏళ్ళు దుప్పట్ల మీది మరకలన్నీ వదిలించిన మనిషి నన్ను అడిగింది. "ఎండ, ఆంటీ. పసుపు మరక ఎండకు పోతది" అన్నాను. ముగ్గురం బయటికి చూశాం. ఎండ సంగతి దేవుడెరుగు, ఎదురు కొట్టే కనపడటం లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

"వస్తది. ఎండ రాక యాడికి పోద్ది?" అంది ఆంటీ.

తొమ్మిదింటికి జనం రానే వచ్చారు. చర్చివాళ్ళు, ఆస్పత్రి నర్సులు, ఊళ్ళో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలు, పట్టుచీరల్లో, పెళ్ళికి వచ్చినట్టు. లోపల పుస్తకాలు పెట్టెల్లో ఉన్నాయి, ఇవ్వడానికి లేదు. నేను ఆంటీ వెనక దాక్కున్నాను. ఆవిడ గుమ్మంలో నిలబడి, వార్డులో విజిటర్లకి చెప్పినట్టు, ఇంగ్లీషులో ఒక ప్రకటన చేసింది. పుస్తకాలు ఎండబెట్టాల్సి ఉంది. ఈలోగా అందరూ ఈ వీధిలోనే ఏదో ఒక కొట్లోకి వెళ్ళి ఏదో ఒకటి కొనుక్కుని రావాలి. తెచ్చి నాకు చూపించాలి. చూపించినవాళ్ళకే సంతకం.

వాళ్ళు నవ్వారు. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ, "ఏం కొనాలండీ మరి?" అని అడిగింది. "మీ ఇష్టమండీ, సూదైనా పర్లేదు" అంది ఆంటీ. నవ్వుతూనే అందరూ మంచులోకి నడిచారు. కొట్ల తలుపుల గంటలు ఒక్కొక్కటే మోగడం వినపడింది. మనుషులు కనపడటం లేదు, గంటలే.

మంచు ఎప్పుడు విడిందో నేను చూడలేదు. ఉన్నట్టుండి కర్పూరం చెట్టు కొమ్మ ఒకటి బంగారంలా కనపడింది. తర్వాత చెట్టు. తర్వాత వీధి ఆ చివరిదాకా. ఎంత నీలంగా ఉందో ఆకాశం! ఆంటీ చప్పట్లు కొట్టింది. మార్జరీ నిన్నటి పేపర్లు తెచ్చింది. వాటిని ఫుట్‌పాత్ మీద పరిచి, పుస్తకాలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోయాం. మార్జరీ కొట్టు ముందు చోటు చాలలేదు. చెప్పులాయన బెంచీ బయట వేశాడు. బేకరీ మెట్లు, మాంసం కొట్టు ముందున్న గట్టు, అన్నీ తెల్ల అట్టలతో నిండిపోయాయి. వడియాలు పెట్టినట్టే ఉంది. లెక్కపెడితే యాభై తొమ్మిది వచ్చాయి.

"ఆంటీ, ఒకటి తక్కువైంది. ఇంట్ల మర్చిపోయిన్నేమో!"

"పోనీలేమ్మా, యాడో పడుంటది" అంది, నా వంక చూడకుండా.

ఆ రెండు గంటలూ ఎలా గడిచాయో ఇప్పుడు చెప్పమంటే కల చెప్పినట్టే ఉంటుంది. చెట్ల నీడ కదిలినకొద్దీ నేను పుస్తకాల్ని ఎండలోకి జరుపుతున్నాను. కొట్లవాళ్ళు బయటికొచ్చి, గొంతుక్కూర్చుని, తమ పేజీ వెతుక్కుంటున్నారు. మాంసం కొట్టాయన చారల ఏప్రన్‌తోనే కూర్చుని పెదాలు కదుపుతూ చదివాడు. చదివి, ఆంటీ దగ్గరికొచ్చి నిలబడి, మళ్ళీ వెళ్ళి చదివాడు. చెప్పులాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దారిన పోయే కార్లు నెమ్మదించాయి. ఫుట్‌పాత్ నిండా పుస్తకాలు ఆరబెట్టడం ఎవరు చూశారు కనక? ఆగినవాళ్ళు దిగారు, దిగినవాళ్ళకీ అదే షరతు చెప్పాం.

షూలేసులు, సాసేజీలు, సగం గుమ్మడికాయ, తలుపు గొళ్ళెం, పుట్టినరోజు కార్డు, వెచ్చటి రొట్టె పట్టుకుని జనం వరస కట్టారు. ఆంటీ చెప్పులాయన బెంచీ చివర కూర్చుని, తెచ్చింది చూసి, ప్రతి పుస్తకంలోనూ అదే రాసింది. ఒక తలుపు గొళ్ళెం కొన్నందుకు, అభినందనలతో. సగం గుమ్మడికాయ కొన్నందుకు, అభినందనలతో. కింద సంతకం. ఇచ్చేటప్పుడు పుస్తకాన్ని వాళ్ళ అరచేతిలో పెట్టి, పైన వేళ్ళు మూసింది. ప్రతి ఒక్కరికీ.

పసుపు ముందు గుడ్డు సొన రంగుకి వచ్చింది, తర్వాత వెన్న రంగుకి. పదకొండున్నరకి, ఎక్కడుందో తెలిసిన నాకు తప్ప ఎవరికీ కనపడనంతగా పోయింది. మార్జరీ ఒక పుస్తకం ఎత్తి వెలుతురులో తిప్పి చూసి, నా బుగ్గ మీద తట్టింది. పన్నెండు దాటినా ఎవరూ కట్టేయలేదు. యాభై తొమ్మిదీ అయిపోయాయి.

"మరి నాకు ఆంటీ?" అన్నాను.

"నువ్వేం కొన్నావు?"

"ఏం కొనలే. పుస్తకాలు తిప్పుతనే ఉన్న."

"మరి? రూల్ అంటే రూలేనమ్మా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ కాస్త నొచ్చుకున్నాను కూడా.

సోమవారం మార్జరీ అద్దె కాగితం మీద సంతకం పెట్టింది. ఆంటీ శనివారం వాడిన పెన్ను అడిగి తీసుకుని, దాంతోనే పెట్టింది. ఆ కొట్టు ఇవాళ్టికీ ఉంది. నాకొచ్చిన ఉత్తరం పైన దాని పేరే అచ్చయి ఉంది.

తర్వాత మేం సిడ్నీకి వచ్చేశాం. వచ్చే రోజు ఆంటీ బస్సు దాకా వచ్చింది. బుట్టలో నాలుగు ఉల్లిపాయలు. నా మణికట్టు పట్టుకుని బస్సు కదిలేదాకా వదల్లేదు. ఇక్కడికొచ్చాక నేను మళ్ళీ పాత దారే పట్టాను. అన్నీ ఒకేచోట, ఎవరూ ఇవ్వకుండా, నేనే తీసుకోవడం. ఉత్తరాలు రాసుకున్నాం, అవీ తగ్గాయి. వెళ్ళి చూడాలని ప్రతి సెలవులకీ అనుకున్నాను. అనుకోవడానికేముంది.

ఇంతవరకు రాసి, లేచి స్టేషన్ పక్క వీధికి వెళ్ళాను. అక్కడ సూదులు, దారాలు, గుండీలు అమ్మే ముసలావిడ కొట్టు ఒకటుంది. రెండేళ్ళుగా దాని ముందునుంచే నడుస్తున్నాను, ఒక్కసారీ లోపలికి వెళ్ళలేదు. తెల్ల దారపు రీలు ఒకటి అడిగాను. ఆవిడ సొరుగులన్నీ వెతికి తీసి, నా అరచేతిలో పెట్టింది. ఆ చేతిని అలాగే మూసుకుని ఇంటికొచ్చాను.

పొట్లం విప్పాను. గలీబు లోపల పుస్తకం. తెల్ల అట్ట, నాలుగు మూలలా పసుపు. నిన్న సాయంత్రం దీపం ముందు పెట్టినంత పచ్చగా ఉంది. వాసన మాత్రం లేదు, పాత కాగితం వాసన. అరవయ్యో పుస్తకం.

మొదటి పేజీలో తెలుగులో ఇలా ఉంది.

"ఒక ........ కొన్నందుకు, అభినందనలతో.

అమ్మాయీ, ఖాళీ నువ్వే నింపుకో. దీన్ని ఎండలో పెట్టలేదు. మా ఊళ్ళో పెళ్ళి పిలుపులు మా అమ్మ వీధిలో నిలబడి వినేది. నోటితో చెప్పి పోయేవాళ్ళు. పసుపు పెట్టిన కాగితం మా గడపలోకి ఎప్పుడూ రాలేదు. నువ్వు ఒక్కరోజే అరవై తెచ్చావు. మార్జరీ కొట్టు నిలబడాలి గనక యాభై తొమ్మిది ఎండకిచ్చా. ఒక్కటి ఇయ్యలేకపోయా. వెలుతురు తగలకుండా దాచా. ఇంక నువ్వు దాచు."

గుమ్మంలో వీపు తిప్పి నిలబడ్డ ఆవిడ కళ్ళముందుకొచ్చింది. నేను నా తప్పు కోసమే గాభరా పడ్డాను ఆ రోజంతా. ఎండ కోసం ఎదురుచూశాను, పసుపు పోతుంటే సంతోషించాను, పుస్తకాలు తిప్పి తిప్పి మరీ పోగొట్టాను. పక్కనే కూర్చుని, ఒక్కొక్కటీ వెలిసిపోవడం చూస్తూ, ఆవిడ నవ్వుతూ సంతకాలు చేసింది. వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని గట్టిగా ఏడ్చాను.

తర్వాత పెన్ను తెచ్చి, చుక్కల మీద "దారపు రీలు" అని రాశాను. సిరా ఆరడానికి పుస్తకం అలాగే తెరిచి ఉంచాను. మూడు దాటింది. పడమటి కిటికీలోంచి ఎండ బల్ల మీదికి జరుగుతూ, ఉప్పు డబ్బా దాటి, అట్ట మూల దగ్గరికి వచ్చేసింది.

లేచి కిటికీకి తెర లాగాను.